మీ అపార్ట్‌మెంట్ నీళ్ళ లెక్క మీరే తీయడం ఎలా

మార్చి వచ్చిందంటే బెంగళూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. "ఊళ్ళో జనం ఎక్కువైపోయారండీ, నీళ్ళు ఎక్కడ చాలతాయి?" ఆ మాట అనేవాళ్ళలో అనంతపురం వాళ్ళుంటారు, నెల్లూరు వాళ్ళుంటారు, పదేళ్ళ కిందట కరీంనగర్ నుంచి వచ్చి మారతహళ్ళిలో ఫ్లాట్ కొనుక్కున్నవాళ్ళూ ఉంటారు. ఆ ఎక్కువైన జనంలో మనమూ ఉన్నామని మాత్రం ఎవరూ అనరు.

మాటలో అబద్ధమైతే లేదు. 2001 జనాభా లెక్కల్లో బెంగళూరు అర్బన్ జిల్లాలో 65 లక్షల మంది ఉంటే, 2011 నాటికి 96 లక్షలయ్యారు. ఇప్పుడు కోటీ ముప్పై లక్షలు దాటి ఉంటుందని అంచనా. ఇదంతా ఇక్కడి ఇళ్ళలో పిల్లలు ఎక్కువగా పుట్టి పెరిగిన జనాభా కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే కర్ణాటకలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. ఒక తరం పోయి ఇంకో తరం అదే సంఖ్యలో రావాలంటే 2.1 ఉండాలి. అంటే ఇళ్ళలో పిల్లలు తగ్గుతుంటే, ఊరు మాత్రం ఉద్యోగాల కోసం వచ్చేవాళ్ళతో నిండుతోంది. రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు.

1970ల మొదట్లో పాల్ ఎర్లిక్, జాన్ హోల్డ్రెన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఈ గొడవ మీదే చాలా వాదించారు. ఆ చర్చల్లోంచి వచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: ప్రకృతి మీద పడే భారం ఎంతంటే జనం సంఖ్యను తలసరి వాడకంతోనూ, ఆ వాడకం వెనకున్న సాంకేతికతతోనూ గుణిస్తే వచ్చేంత. మూడింటిలో మొదటి అంకె మీ చేతిలో లేదు. మిగతా రెండూ చాలావరకు మీ బిల్డింగ్ లోపలే ఉన్నాయి. అయితే మన అపార్ట్‌మెంట్లలో తలకు ఎన్ని లీటర్లు పడుతున్నాయని అడిగితే సెక్రెటరీ దగ్గర కూడా సమాధానం ఉండదు. ట్యాంకర్ల బిల్లు ఎంతో ఆయనకు తెలుసు, అంతే.

ఆ అంకె తీయడానికి ఒక నెల చాలు. కావలసినవి ఒక టేపు, ఒక పొడుగాటి కర్ర (పీవీసీ పైపైనా సరే), ఒక బకెట్, ఒక లీటర్ బాటిల్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక నోట్‌బుక్. వీటితో పాటు కాస్త ఓపిక, వాచ్‌మన్‌తో సఖ్యత. సొంత ఇల్లైతే పని ఇంకా తేలిక. ఇక్కడ పది నుంచి వంద ఫ్లాట్లుండే బిల్డింగ్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

ముందు తలలు లెక్కపెట్టండి

ఫ్లాట్ల లెక్క పనికిరాదు. ఒక ఫ్లాట్‌లో భార్యాభర్తలిద్దరే ఉంటారు, పక్క ఫ్లాట్‌లో ఆరుగురు బ్యాచిలర్లు. అందుకని ఎంతమంది నిద్రపోతున్నారో అది రాయాలి. వాచ్‌మన్ కుటుంబాన్ని మరిచిపోకండి. చాలా బిల్డింగుల్లో వాళ్ళు నలుగురైదుగురు ఉంటారు, ఏ లెక్కలోకీ రారు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళే పనివాళ్ళను విడిగా లెక్కపెట్టక్కర్లేదు, వాళ్ళు వాడే నీళ్ళన్నీ మన అంట్లకూ మన నేలకే.

అడిగేటప్పుడే చిక్కు. తలుపు కొట్టి "ఆంటీ, ఇంట్లో ఎంతమంది ఉంటున్నారండీ?" అనగానే "ఎందుకు బాబూ, మెయింటెనెన్స్ పెంచుతున్నారా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. బ్యాచిలర్ల ఫ్లాట్‌లో అగ్రిమెంట్ మీద నలుగురు, పరుపుల మీద ఆరుగురు. నిజం చెబితే ఓనర్‌కు తెలుస్తుందని వాళ్ళ టెన్షన్. కాబట్టి ఫ్లాట్ నంబర్లు రాయకుండా అంతస్తు వారీగా మొత్తం మాత్రమే తీసుకుంటామని గ్రూపులో ముందే చెప్పండి. పేర్లు వద్దు, వయసులు వద్దు. చెప్పాక ఆ మాట మీద నిలబడండి. లేకపోతే వచ్చే ఏడాది ఎవరూ నోరు విప్పరు.

అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి మూడు నెలలుంటే ఆ మూడు నెలలూ వాళ్ళు తలలే. సంక్రాంతి, దసరా ఉన్న నెలల్లో మాత్రం కొలతలు పెట్టుకోకండి. తెలుగువాళ్ళు ఎక్కువున్న బిల్డింగ్ సంక్రాంతికి సగం ఖాళీ అవుతుంది, అంకె ముద్దుగా వస్తుంది, ఎందుకూ పనికిరాదు.

నీళ్ళు ఎన్ని దారుల్లో వస్తున్నాయో రాసుకోండి

బెంగళూరులో దారులు మూడు: కావేరి, బోరు, ట్యాంకర్.

కావేరి నీళ్ళు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న తొరెకాడనహళ్ళి దగ్గర్నుంచి వస్తాయి. దూరం ఒకటైతే ఎత్తు ఇంకొకటి. నది కింద, ఊరు పైన. సుమారు అర కిలోమీటరు ఎత్తుకు పంపు చేయాలి. వెయ్యి లీటర్లను 500 మీటర్లు ఎత్తడానికి ఫిజిక్స్ లెక్కలోనే 1.36 యూనిట్ల కరెంటు పోతుంది, పంపుల్లో పోయేది కలుపుకుంటే రెండు యూనిట్ల దాకా వస్తుంది. మీ బకెట్‌లో పడే కావేరి నీళ్ళలో కరెంటు కూడా కలిసి ఉందన్నమాట. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్ల అయిదో దశ పథకాన్ని 2024 అక్టోబర్‌లో ప్రారంభించారు. మహదేవపుర, కె.ఆర్.పురం చుట్టుపక్కల మనవాళ్ళు గుంపులుగా ఉన్న చోట్లు చాలావరకు ఈ గ్రామాల కిందకే వస్తాయి. అంతకు ముందు అక్కడ బోర్లూ ట్యాంకర్లే దిక్కు.

కావేరి కనెక్షన్ ఉంటే దాని మీటర్ చూడడం సులువు. నల్ల అంకెలు కిలోలీటర్లు, అంటే ఒక్కోటి వెయ్యి లీటర్లు. ఎర్రవి అంతకన్నా చిన్న భాగాలు. ఒకటో తేదీ పొద్దున ఒక ఫోటో, మళ్ళీ నెల ఒకటో తేదీన అదే టైముకి ఇంకో ఫోటో. తేడా మీ కావేరి వాడకం. బిల్లు మీద నమ్మకం పెట్టుకోకుండా ఫోటో మీదే ఆధారపడండి, బిల్లు తేదీలు మీ నెలతో కలవవు.

మిగతా రెండిటికీ మీటర్ ఉండదు. అక్కడికే సంప్, అంటే నేల కింది నీళ్ళ తొట్టి, పనికొస్తుంది.

సంప్‌ను కొలపాత్ర చేసుకోండి

ఈ ఒక్క పని చేసినా చాలు, మిగతావి చేయకపోయినా సగం ఫలితం దక్కుతుంది.

సంప్ లోపలి పొడవు, వెడల్పు తెలియాలి. బిల్డర్ ఇచ్చిన ప్లాన్‌లో ఉంటాయి. లేకపోతే సంప్ క్లీన్ చేయించే రోజున ఆ పనివాళ్ళచేత టేపుతో కొలిపించండి. మీరు మాత్రం లోపలికి దిగకండి, వాచ్‌మన్‌ను దింపకండి. మూసి ఉన్న సంప్‌లో గాలి ఉండదు, ఊపిరాడక ప్రాణాలు పోతాయి. మూత తీసినప్పుడు పిల్లలు దగ్గరికి రాకుండా ఒక మనిషిని నిలబెట్టండి.

ఉదాహరణకు సంప్ నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు అనుకుందాం. వైశాల్యం 12 చదరపు మీటర్లు. నీటిమట్టం ఒక సెంటీమీటర్ పెరిగిందంటే 120 లీటర్లు వచ్చాయని అర్థం. కర్ర మీద సెంటీమీటర్ల గీతలు పెట్టి, ప్రతి పది సెంటీమీటర్లకూ పెయింట్‌తో ఒక అడ్డ పట్టీ వేయండి. ఒక్కో పట్టీ 1,200 లీటర్లు. మీ సంప్ కొలతలు వేరైతే పొడవును వెడల్పుతో గుణించి, మళ్ళీ పదితో గుణించండి. సెంటీమీటర్‌కు ఎన్ని లీటర్లో వస్తుంది.

ఇప్పుడు ట్యాంకర్ సంగతి. 12,000 లీటర్ల ట్యాంకర్ ఖాళీ అయితే ఈ సంప్‌లో నీళ్ళు సరిగ్గా వంద సెంటీమీటర్లు పెరగాలి. పైకి ఎక్కించే మోటార్ ఆపి, కావేరి వాల్వ్ కట్టేసి, ట్యాంకర్ పైపు వేయకముందు కర్ర ముంచి చూడండి. అయిపోయాక మళ్ళీ ముంచండి. ఎనభై అయిదే పెరిగిందనుకోండి, వచ్చినవి 10,200 లీటర్లే. డ్రైవర్‌తో గొడవ పెట్టుకోవడం దండగ, అతను జీతానికి బండి నడిపేవాడు. మూడు నాలుగు ట్యాంకర్ల కొలతలు వరసగా రాసి సప్లయర్‌కు పంపండి. కర్ర చూసిన తర్వాత ట్యాంకర్ నిండుగా రావడం మొదలవుతుంది, ఇది బెంగళూరులో కాస్త అనుభవమున్న ఏ సెక్రెటరీని అడిగినా చెబుతారు. 2024 వేసవిలో జిల్లా యంత్రాంగం ప్రైవేట్ ట్యాంకర్ల ధరలకు హద్దు పెట్టినప్పుడు 12,000 లీటర్లకు అయిదు కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలు, పది కిలోమీటర్ల లోపు 1,200 అని నిర్ణయించింది. ధరకు హద్దు పెట్టినంత మాత్రాన ట్యాంక్ నిండుతుందా? అది చూసుకోవాల్సింది మనమే.

బోరుకూ ఇదే కర్ర. మిగతావన్నీ ఆపి బోరు మోటార్ అరగంట నడపండి. పది సెంటీమీటర్లు పెరిగితే అరగంటకు 1,200 లీటర్లు, గంటకు 2,400. ఇక రోజూ మోటార్ ఎంతసేపు నడిచిందో వాచ్‌మన్ చేత గోడ మీద క్యాలెండర్‌లోనే రాయించండి. వేసవిలో బోరు రోజురోజుకీ సన్నబడుతుంది కాబట్టి ఈ కొలత నెలకోసారి మళ్ళీ చేయాలి. 2024 మార్చిలో నగరంలోని సుమారు 14,000 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని కర్ణాటక ప్రభుత్వమే చెప్పింది. అవి ఒక్క రాత్రిలో ఎండినవి కావు. మీ క్యాలెండర్‌లో గంటకు 2,400 కాస్తా 1,900 అయి, తర్వాత 1,400 అయితే ట్యాంకర్‌వాడితో ముందే మాట్లాడుకునే వ్యవధి దొరుకుతుంది.

ఇంకో పరీక్ష రాత్రిపూట. పదకొండు గంటలకు మోటార్లన్నీ ఆపి, కావేరి వాల్వ్ కూడా కట్టేసి సంప్ మట్టం రాయండి. పొద్దున అయిదింటికి మళ్ళీ చూడండి. ఎవరూ తీయకుండానే మట్టం దిగితే సంప్ గోడ కారుతున్నట్టు. ఆ తర్వాత నెల అంతా ఎవరు ఎంత పొదుపు చేసినా ముందు ఆ గోడ సంగతి చూడాలి.

భాగించి చూడండి

ఒక బిల్డింగ్‌లో 80 మంది ఉన్నారనుకుందాం. నెలలో కావేరి 90 కిలోలీటర్లు. పది ట్యాంకర్లు నిండుగా వస్తే 120. బోరు రోజుకు గంటంబావు చొప్పున నడిస్తే 90. మొత్తం 300 కిలోలీటర్లు, అంటే మూడు లక్షల లీటర్లు. రోజుకు పదివేలు, తలకు 125.

మన దేశంలో నగరాలకు సాధారణంగా తీసుకునే ప్రమాణం తలకు రోజుకు 135 లీటర్లు. 125 వచ్చింది కదా, హమ్మయ్య అనుకోవద్దు. సగంమంది పగలంతా ఆఫీసులో ఉంటారు. అక్కడి టాయిలెట్, అక్కడి క్యాంటీన్, అక్కడి ఏసీ నీళ్ళు ఈ లెక్కలో లేవు. ఇంట్లో ఉన్న పద్నాలుగు గంటలకే 125 అయితే అది తక్కువేమీ కాదు. తినేదాని జోలికి నేను వెళ్ళడం లేదు, ఎందుకంటే కిలో బియ్యం పండడానికి ప్రపంచ సగటున సుమారు 2,500 లీటర్ల నీళ్ళు పడతాయి, ఆ అంకె పక్కన పెడితే స్నానాల లెక్క చిన్నదైపోయి మనం ఈ పనే మానేస్తాం. గిన్నెలో అన్నం మిగలకుండా చూసుకోండి, చాలు.

ఇప్పుడు మొదట చెప్పిన గుణకారం సూత్రానికి వద్దాం. ఈ బిల్డింగ్‌లో వచ్చే ఏడాది ఇంకో ఇరవై మంది చేరి వందమంది అయ్యారనుకోండి. తలసరి 125 నుంచి 100కి దిగితే మొత్తం రోజుకు పదివేలే. జనం పాతిక శాతం పెరిగారు, వాడే నీళ్ళు ఒక్క చుక్క పెరగలేదు. తలకిందులుగా చూస్తే, ఒక్కరు కూడా కొత్తగా చేరకుండానే తలసరి 125 నుంచి 160 అయితే భారం 28 శాతం పెరుగుతుంది. కొత్తగా వచ్చిన బ్యాచిలర్ల మీద పడి ఏడ్చే అంకుల్ గారికి ఈ రెండు వాక్యాలు గ్రూపులో పంపండి. ఆయన రోజూ పైపు పెట్టి కారు కడుగుతుంటే ఇంకో వాక్యం కూడా: 2024 మార్చిలో నగరానికి నీళ్ళిచ్చే జలమండలి తాగునీటితో వాహనాలు కడిగినా, తోటలు తడిపినా 5,000 రూపాయల జరిమానా అని ఉత్తర్వు ఇచ్చింది.

మీ ఫ్లాట్‌లో ఎక్కడ పోతున్నాయో పట్టుకోండి

వంటింటి కుళాయి పూర్తిగా తిప్పి లీటర్ బాటిల్ కింద పెట్టండి. నాలుగు సెకన్లలో నిండితే నిమిషానికి 15 లీటర్లు. అంట్లు తోముతూ కుళాయి పది నిమిషాలు వదిలితే 150, అంటే ఒక మనిషి రోజువారీ వాటా మొత్తం సింకులోనే పోయినట్టు. కుళాయి మూతికి ఏరేటర్ బిగిస్తే నీళ్ళలో గాలి కలిసి ధార మెత్తగా వస్తుంది, నిమిషానికి మూడు లీటర్ల దాకా తగ్గించే రకాలూ ఉన్నాయి. హార్డ్‌వేర్ షాపులో చవకగానే దొరుకుతాయి. బకెట్ నింపే కుళాయికి మాత్రం పెట్టకండి. బకెట్ ఎలాగూ అంతే పడుతుంది, నిండేసరికి మీకు విసుగు పుడుతుంది, రెండోరోజే పీకి అవతల పడేస్తారు. బోరు నీళ్ళున్న చోట ఏరేటర్ జల్లెడకు తెల్లటి ఉప్పు పట్టుకుంటుంది. నెలకోసారి విప్పి వెనిగర్‌లో నానబెట్టాలి.

బెంగళూరుకే ప్రత్యేకమైన ఖర్చు ఒకటుంది, సోలార్ హీటర్. మేడ మీది ట్యాంక్‌లో నీళ్ళు వేడిగానే ఉంటాయి, కానీ కింది అంతస్తు బాత్రూమ్‌లో కుళాయి తిప్పితే ముందు రాత్రంతా పైపులో నిలవున్న చల్లనీళ్ళు వస్తాయి. చెయ్యి పెట్టి చూస్తూ, వేడి వచ్చేదాకా అవన్నీ మోరీలోకి వదిలేస్తాం. పొద్దున్నే ఒకసారి ఆ చల్లనీళ్ళు బకెట్‌లో పట్టండి. నాలుగంతస్తుల బిల్డింగ్‌లో కింది ఫ్లాట్‌కు అర బకెట్ తక్కువ కాకుండా వస్తాయి. ఒకరు ఆరింటికి, ఇంకొకరు ఏడున్నరకు, మూడో వాళ్ళు తొమ్మిదింటికి స్నానం చేస్తే మూడుసార్లు పోతాయి. ఒకరి తర్వాత ఒకరు వెంటనే చేస్తే ఒకేసారి. ఆ పట్టిన నీళ్ళు వాషింగ్ మెషీన్‌లో పోయండి, లేకపోతే నేల తుడవడానికి ఉంచండి. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పనక్కర్లేదు. "అత్తయ్యా, ఈ బకెట్ అలా పక్కన పెట్టండి" అంటే "నేను వచ్చిన రోజు నుంచి పెడుతూనే ఉన్నానమ్మా, నువ్వే పారబోస్తున్నావు" అంటారు.

ఆర్వో ఫిల్టర్ గురించి నా అభిప్రాయం కాస్త గట్టిది. కావేరి నీళ్ళు వస్తున్న ఇంట్లో ఆర్వో అనవసరం. ఒక లీటర్ తాగునీళ్ళకు రెండు మూడు లీటర్లు బయటికి నెడుతుంది. నీళ్ళలో కరిగిన లవణాలు లీటర్‌కు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న చోట ఆర్వో వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. ఆ లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటర్ ఒకటి కొని బిల్డింగ్ అంతా తిప్పండి. అంకె 500 లోపు ఉంటే మామూలు యూవీ ఫిల్టర్ చాలు. బోరు నీళ్ళు వెయ్యి చూపిస్తే ఆర్వో ఉండనివ్వండి, కానీ ఆ వదిలే పైపును ఒక బకెట్‌లోకి తిప్పండి. బాత్రూమ్ కడగడానికి భేషుగ్గా పనికొస్తాయి, మొక్కలకు మాత్రం ఉప్పు ఎక్కువ.

ఫ్లష్ ట్యాంక్ కారుతోందా అన్నది చూడడానికి ట్యాంక్‌లో కాస్త ఫుడ్ కలర్ వేసి అరగంట ఎవరినీ వాడనివ్వకండి. కింద బేసిన్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు వాషర్ పోయింది. బొట్టుబొట్టుగా కారే కుళాయి కింద రాత్రి మగ్గు పెట్టి పొద్దున చూడండి. సెకనుకో చుక్క పడే కుళాయి రోజుకు సుమారు ఇరవై లీటర్లు మింగుతుంది.

బిల్డింగ్ మొత్తానికి ఏది ముందు చేయాలంటే, నా వరస ఇది: ఓవర్‌హెడ్ ట్యాంక్ పొంగిపోకుండా మోటార్ తనంతట తానే ఆగే కంట్రోలర్, తర్వాత కారే ఫ్లష్‌లు, తర్వాత ఏరేటర్లు. పనిమనిషి ఎన్ని బకెట్లు వాడుతోందో కాపలా కాయడం మాత్రం వద్దు. ఆమె వాడేది కొసరు, పొంగే ట్యాంక్ పారబోసేది అసలు. పై ఉదాహరణలో తలకు 25 లీటర్లు తగ్గితే నెలకు అరవై వేల లీటర్లు, అంటే అయిదు ట్యాంకర్లు మిగులుతాయి. మీటింగ్‌లో పర్యావరణం గురించి మాట్లాడితే నలుగురు వింటారు, అయిదు ట్యాంకర్ల డబ్బు గురించి మాట్లాడితే అందరూ వింటారు.

బిల్లు ఎలా పంచుకోవాలి

ఫ్లాట్‌కు ఇంత అని సమానంగా పంచితే పొదుపు చేసినవాడికి మిగిలేది ఏమీ ఉండదు. ఫ్లాట్‌కో మీటర్ పెడితే న్యాయం, కానీ పాత బిల్డింగుల్లో ఒక్కో ఫ్లాట్‌కు వంటింటికి ఒక పైపు, రెండు బాత్రూమ్‌లకు రెండు పైపులు, యుటిలిటీకి ఇంకోటి పైనుంచి విడివిడిగా దిగుతాయి. అంటే ఫ్లాట్‌కు మూడు నాలుగు మీటర్లు. కొటేషన్ తెప్పించే ముందు ప్లంబర్‌తో షాఫ్ట్‌లోకి వెళ్ళి పైపులు లెక్కపెట్టించండి. అది భారమనిపిస్తే మధ్యే మార్గం ఉంది: నీళ్ళ ఖర్చులో సగం ఫ్లాట్ల మీద సమానంగా, సగం తలల మీద. ఇద్దరున్న పెద్దవాళ్ళకు ఊరట, ఆరుగురున్న ఫ్లాట్‌లో తలా కొంచెమే పడుతుంది.

వాన నీళ్ళు

బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఒక చదరపు మీటర్ మీద ఒక మిల్లీమీటర్ పడితే ఒక లీటర్. 300 చదరపు మీటర్ల మేడ ఉంటే, అయిదో వంతు పోయినా ఏడాదికి రెండు లక్షల ముప్పై వేల లీటర్లు. రోజుకు పదివేలు వాడే మన ఉదాహరణ బిల్డింగ్‌కు ఇరవై మూడు రోజుల నీళ్ళు. అంతే. వాన నీటితోనే గడిచిపోతుందని అమ్మేవాళ్ళు చెబితే ఈ గుణకారం చేసి చూపించండి. అయినా ఇరవై మూడు రోజులంటే పంతొమ్మిది ట్యాంకర్లు, వదులుకునేంత చిన్నవి కావు.

మేడ శుభ్రంగా ఉంచాలి, మొదటి వానను బయటికి వదలాలి, తర్వాతిది ఫిల్టర్ గుండా సంప్‌లోకి పంపాలి. పొంగేది ఇంకుడు బావిలోకి. మూడడుగుల వెడల్పు, ఇరవై ముప్పై అడుగుల లోతు, చుట్టూ సిమెంట్ వరలు. వీటిని తవ్వడంలో తరతరాల నేర్పు మన్ను వడ్డర్లది. సర్జాపుర రోడ్డు వైపు ఇప్పటికీ ఈ పని చేసే కుటుంబాలున్నాయి, చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఎక్కడ తవ్వితే నీళ్ళు ఇంకుతాయో మట్టి చూసి చెబుతారు, బేరం తెలుగులోనే చేసుకోవచ్చు. నమూనాలు కళ్ళతో చూడాలంటే జయనగర్‌లో జలమండలి కట్టిన విశ్వేశ్వరయ్య వాననీటి పార్క్‌కు ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. మేడ కడిగిన సబ్బు నీళ్ళు మాత్రం బావిలోకి వెళ్ళకూడదు.

వాడిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి

బిల్డింగ్‌లో మురుగు శుద్ధి ప్లాంట్ ఉంటే ఆ నీళ్ళు ఫ్లష్‌లకూ మొక్కలకూ వాడుతున్నారో లేదో చూడండి. చాలాచోట్ల ప్లాంట్ ఉంటుంది, మోటార్ ఆపేసి ఉంటుంది. "నీళ్ళు పసుపుగా ఉన్నాయి, వాసన" అని రెండో అంతస్తు వాళ్ళు గోల చేస్తారు, కమిటీ ఆపేస్తుంది. వాసన వస్తోందంటే గాలి పంపే బ్లోయర్ సరిగా నడవట్లేదని ఎక్కువసార్లు తేలుతుంది. ఆపేయకుండా బాగు చేయించండి.

ప్లాంట్ లేకపోతే మీ మురుగు నగరం కాలవల్లోకి వెళ్తుంది, అక్కడితో దాని కథ అయిపోదు. కోరమంగల–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీళ్ళను 2018 నుంచి కోలార్ జిల్లా చెరువులకు పంపు చేస్తున్నారు. రోజుకు 44 కోట్ల లీటర్ల పథకం అది. ఇంకో లోయ నీళ్ళు చిక్కబళ్ళాపుర వైపు వెళ్తాయి. ముళబాగిలులోనో చింతామణిలోనో మీ చుట్టాలుంటే, మీ బాత్రూమ్ నీళ్ళు వాళ్ళ ఊరి చెరువులో చేరి బోరు కిందికి దిగుతున్నాయేమో. అందుకే మాడిన నూనె, గడువు దాటిన మాత్రలు, పెయింట్ మిగులు సింకులో పోయకండి. నూనెను డబ్బాలో పట్టి ఉంచండి, కొనేవాళ్ళున్నారు.

అదే నోట్‌బుక్‌లో ఇంకో రెండు గీతలు

కరెంటు, చెత్త. వీటికి ఎక్కువ చెప్పను. బెస్కాం బిల్లులో యూనిట్లను ఇంట్లో తలలతో భాగించండి. 2023 ఆగస్టు నుంచి కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు బిల్లు రాకపోవడంతో చాలామంది యూనిట్లు చూడడమే మానేశారు. సున్నా బిల్లు మీదా యూనిట్లు అచ్చయి ఉంటాయి, చూడండి. 25 లీటర్ల గీజర్ చల్లనీళ్ళను ఒకసారి స్నానం వేడికి తేవాలంటే సుమారు ఒక యూనిట్. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ వెనక రమారమి 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఉంటుంది.

చెత్తకు స్ప్రింగ్ త్రాసు ఒకటి కొని వారం రోజులు తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా తూకం వేయండి. బరువులో సగానికి పైగా తడిదే ఉంటుంది, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం. దాన్ని కింద కంపోస్ట్ చేస్తే నగరం బయట గుట్ట అంత తగ్గుతుంది. మండూరు ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి మన చెత్త వాసన భరించి, పోరాడి, 2014లో ఆపించుకున్నారు. ఆపిన చెత్త ఇంకో ఊరి పక్కకు చేరింది.

అంకెలు బయట పెట్టండి

నెలాఖరున లిఫ్ట్ పక్కన ఒక కాగితం అంటించండి. తలలు ఎన్ని, నీళ్ళు ఎన్ని, తలకు ఎంత, పోయిన నెల ఎంత. నాలుగు వరసలు చాలు, కింద ఉపదేశాలు రాయకండి. ఫ్లాట్ల పేర్లు అసలు వద్దు. అంకె పెరిగితే కారణం వెతకడానికి ముందు కొలత సరిచూడండి, తొంభై శాతం సందర్భాల్లో ఎవరో బోరు మోటార్ టైము రాయడం మరిచిపోయి ఉంటారు. మీరు ఊరెళ్ళినప్పుడు కర్ర ముంచడానికి ఇంకొకరిని తయారు చేసుకోండి, కాలేజీ పిల్లలకు ఈ పని బాగా నచ్చుతుంది.

కావేరి రావలసిన రోజున రాకపోతే, మెయిన్ పైపు రోడ్డు మీద పగిలి పారుతుంటే జలమండలి నంబర్ 1916కు ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబర్ అదే నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి. కొలతలు మొదలుపెట్టడానికి ఫిబ్రవరి మంచి నెల. బోరు ఇంకా పూర్తిగా దిగిపోదు, ట్యాంకర్‌వాడు ఇంకా ఫోన్ ఎత్తుతాడు.